బావగారి కొత్త బ్యాండు

చొక్కా మార్చినంత తేలిగ్గా బ్యాండును మార్చెయ్యడం ఆ గాయకుడికున్న ఒకే ఒక్క జబ్బు. ఆ మాటకొస్తే ఈ పోలిక చొక్కాకే అవమానం. చొక్కాని మాసిపోయాక మారుస్తాం. ఆయన తన వెనక వాయించేవాళ్ళని సరిగ్గా మెరుస్తున్నప్పుడు మార్చేవాడు. చెయ్యి కుదిరి, పాట పాకాన పడి, హాల్లో జనం ఈలలు వేస్తున్నారంటే ఆ బ్యాండుకి నూకలు చెల్లినట్టే.

ఈ జబ్బుకి మందు లేదు గానీ, దాని నొప్పంతా భరించడానికి ఒక మనిషి ఉన్నాడు. అతను గాయకుడి బావమరిది, ఆయన కచేరీలకి మేనేజరు. ఫొటో స్టూడియో పెట్టుకుని, అది మూతబడి దిక్కుతోచక తిరుగుతుంటే, "కొన్నాళ్ళు నా పనులు చూసిపెట్టవోయ్" అని బావ పిలిస్తే వచ్చినవాడు. ఆ కొన్నాళ్ళు ఇంకా పూర్తి కాలేదు. ఈలోగా అతని నెత్తిమీద జుట్టు మాత్రం పూర్తి కావచ్చింది. బ్యాండు మారినప్పుడల్లా కొత్తవాళ్ళకి కోట్లు కుట్టించాలి, పోస్టర్ల మీద ఫొటో మార్పించాలి, వెళ్ళిపోయేవాళ్ళ చేత తిట్లు తినాలి. దండలన్నీ బావకి, తిట్లన్నీ బావమరిదికి!

"తాళం తప్పాడని తీసేస్తే అర్థముంది. ఈయన చెప్పే కారణాలు ఎక్కడైనా విన్నారటండీ?" అని అతను కనిపించినవాళ్ళందరి దగ్గరా మొత్తుకునేవాడు.

నిజమే, ఎక్కడా వినం. "నువ్వు తుమ్మినా తాళంలోనే తుమ్ముతున్నావు, నాకు భయంగా ఉంది" అని ఒక డ్రమ్ములాయన్ని తీసేశాడు. బాకా ఊదే ఇంకొకాయన్ని పిలిచి, "నీ మొహం చూస్తే చిన్నప్పటి లెక్కల మాస్టారు గుర్తొస్తున్నారు. ఎక్కాలు అప్పజెప్పాలనిపిస్తోంది, వెళ్ళిపో" అన్నాడు.

"బావా, అతను నీ వెనక నిలబడి ఊదుతాడు! నువ్వు మొహం ఎప్పుడు చూశావు?" అని మేనేజరు ఒంటికాలి మీద లేచాడు.

"వెనకనుంచి నన్ను చూస్తున్నాడుగా. అదే మరీ భయం" అన్నాడు ఆ మహానుభావుడు.

పంపెయ్యడం ఒక ఎత్తయితే తెచ్చుకోవడం ఇంకో ఎత్తు. ఆయన వెనక ఒక్కసారి వాయిస్తే చాలని మంచి మంచి వాద్యగాళ్ళు గుమ్మంలో కాచుకుని ఉండేవారు. ఆయన వాళ్ళవైపు కన్నెత్తి చూసేవాడు కాదు. ఎక్కడెక్కడి వింత మనుషుల్నో ఏరుకొచ్చేవాడు. ఒకసారి, మూతబడ్డ ఫ్యాక్టరీ తాలూకు కార్మికుల బ్యాండును తెచ్చాడు. వాళ్ళకి అలవాటంతా ఊరేగింపుల్లోనే. నడుస్తూ తప్ప వాయించలేరు. కుర్చీల్లో కూర్చోబెడితే తాళం కూడా కూలబడేది. చేసేది లేక, ముందు బావగారు పాడుతుంటే వెనక వాళ్ళు స్టేజీ చుట్టూ తిరుగుతూ వాయించారు. మైకు వైర్లు జడలా అల్లుకుపోయాయి. మేనేజరు నేలమీద పాకుతూ ఆ చిక్కులు విప్పుతుంటే, బావగారు కూడా వాళ్ళతోపాటు నడుస్తూ పాడటం మొదలుపెట్టాడు.

ఒళ్ళు మండే సంగతేమిటంటే, జనానికి అది తెగ నచ్చింది. అంతకుముందు ఆయన స్తంభంలా నిలబడి, కప్పు ఎగిరిపోయేలా పాడేవాడు. ఆయన పాటల్లో అందరికీ తెలిసింది వాన పాట. అందులో వాన ఎప్పుడూ ఉరుములతోనే కురిసేది. ఫ్యాక్టరీవాళ్ళ నడక కలిశాక అదే వానలో ఒకాయన గొడుగేసుకుని హాయిగా ఇంటికి పోతున్నట్టయింది. రికార్డులు అమ్ముడుపోయాయి. పత్రికలవాళ్ళు కొత్త శైలి అని రాశారు. వైర్ల మధ్య మోకాళ్ళు కొట్టుకుపోయిన మేనేజరు గురించి ఒక్కడూ ఒక్క ముక్క రాయలేదు.

ఆ తరవాత హోటలు బ్యాండు వచ్చింది. భోజనాల గదిలో ఇక సంగీతం అక్కర్లేదని ఒక పెద్ద హోటలువాళ్ళు సాగనంపిన మనుషులు వాళ్ళు. తినేవాళ్ళ కబుర్లకి అడ్డం రాకుండా వాయించడం వాళ్ళ వృత్తిధర్మం. ముందు వరసలో ఎవరైనా పక్కవాళ్ళతో మాట్లాడితే చాలు, పాట ఆపి, ఆ మాట పూర్తయ్యేదాకా మర్యాదగా ఎదురుచూసేవారు. వాళ్ళ నాయకుడు పియానో మాస్టారు గట్టిగా నడిస్తే నేలకి నొప్పెడుతుందేమో అనుకునే మనిషి. బూట్లు విప్పి పక్కన పెట్టుకుని, మేజోళ్ళతో కూర్చుని వాయించేవాడు. ఆ వాయింపు వినపడాలంటే బావగారు గొంతు తగ్గించక తప్పలేదు. తగ్గించి తగ్గించి, చివరికి చెవిలో చెప్పినట్టు పాడాడు. వాన పాటలో మొదటిసారి సన్నటి జల్లు పడింది. తెర వెనక మేనేజరు కళ్ళు తుడుచుకున్నాడు. తనచేత కళ్ళు తుడిపించినందుకు బావమీద ఇంకా మండిపడ్డాడు.

ఆ బ్యాండంటే అతనికి ప్రాణం. అప్పుడే ఊళ్ళో కొత్తగా పెద్ద ఆడిటోరియం కట్టారు. దాని యజమానురాలు నవ్వితే గోడలు బీటలిస్తాయన్నట్టుండే మనిషి. ప్రారంభం రోజున ఈయన కచేరీ పెట్టించమంది. బాగుంటే ఏడాది పొడుగునా ఆ హాల్లో ఈయన కచేరీలే. చెడితే ఆ తలుపు మళ్ళీ తెరుచుకోదు. "నాకు ఆ మెత్తటి బ్యాండే కావాలి. మాటిస్తారా?" అని అడిగితే మేనేజరు గుండెమీద చెయ్యి వేసుకుని మాటిచ్చాడు. పోస్టర్లు అంటించారు.

జిగురు ఆరకముందే బావగారు పియానో మాస్టార్ని అందరి ముందూ పిలిచాడు.

"మాస్టారూ, మీ బూట్లు కిర్రుమంటున్నాయి. రేపట్నుంచి మీరెవరూ రావద్దు."

పియానో మాస్టారు తెల్లబోయాడు. మేనేజరు ఎర్రబడ్డాడు.

"బావా! ఆయన బూట్లు విప్పి కదా వాయించేది!"

"విప్పేటప్పుడు కిర్రుమంటున్నాయి."

"మరి తక్కినవాళ్ళేం చేశారు?"

"ఆ కిర్రుకి అలవాటుపడిపోయారు. అది ఇంకా ప్రమాదం."

"ఆడలేక మద్దెల ఓడన్నారంటే అర్థముంది. నీకు పాడటం వచ్చు కదా బావా! నీకెందుకీ మద్దెల గొడవ?"

మాస్టారు బూట్లు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అది చూసి మేనేజరు తిన్నగా వంటింట్లోకి వెళ్ళి అక్క ముందు కూలబడ్డాడు. ఆవిడ బఠాణీలు వలుస్తోంది.

"అక్కా, ఈ కచేరీ అవగానే నేను మానేస్తున్నాను. నేనిచ్చిన మాట గంగలో కలిసింది. ఇక ఏ హాలువాళ్ళయినా నన్ను గుమ్మం ఎక్కనిస్తారా?"

"ఇదివరకు కూడా మానేశావు కదరా?"

"అప్పుడు కోపంలో మానేశాను. ఇప్పుడు ఆలోచించి మానేస్తున్నాను."

"మంచిదే. ఆలోచిస్తూ ఈ కాసిని వలువు" అని ఆవిడ పళ్ళెం ఇటు జరిపింది.

కొత్త బ్యాండు వచ్చింది. ఇంటి పక్కనున్న కారు షెడ్డులో రిహార్సలు. వాళ్ళని చూడగానే మేనేజరు గుమ్మంలోనే ఆగిపోయాడు. అది సర్కస్ బ్యాండు! డేరా పాతబడి చిరిగి, సింహం ముసలిదై, కంపెనీ ఎత్తేస్తే మిగిలిన బ్యాండు. నాయకుడికి మెలితిరిగిన మీసం, భుజాలమీద బంగారు కుచ్చులున్న ఎర్రకోటు. ఆ కుచ్చుల్లో సగం ఊడిపోయాయి.

బావగారు వాన పాట ఎత్తుకుని, భావం పొంగి, కుడిచెయ్యి పైకెత్తాడు. వెంటనే వెనక డ్రమ్ము గలగలా మోగడం మొదలెట్టింది. తెల్లబోయి చెయ్యి దించాడు. తాళాలు ఢామ్మని మోగాయి. షెడ్డు కప్పుమీదినుంచి పావురాలు లేచిపోయాయి.

"ఏమిటయ్యా ఇది?" అని మేనేజరు గావుకేక పెట్టాడు.

"చెయ్యెత్తితే ఉయ్యాల వదులుతున్నారని అర్థమండి. దించితే అవతలివాడు పట్టుకున్నాడని" అన్నాడు మీసాలాయన వినయంగా.

"ఇక్కడ ఉయ్యాల లేదు! సంగీతం ఉంది!"

"అలవాటండి. మనిషి గాల్లో ఉన్నప్పుడు మా డ్రమ్ము ఆగకూడదండి."

"ఎవరైనా పడిపోతేనో?" అని బావగారు చిన్నపిల్లాడిలా అడిగాడు.

"పడితే వెంటనే హుషారు పాట ఎత్తుకోవాలండి. జనం కళ్ళు మావైపు తిప్పాలి. పడ్డవాడు లేచి దులుపుకుంటాడు. పడ్డవాణ్ణి పడ్డట్టు చూపించకూడదండి, అది మా ధర్మం."

"మా బావ పడడు, మీరు హుషారు పడద్దు!" అన్నాడు మేనేజరు. ఆ తరవాత రోజూ రిహార్సలు చివర బావని చేతులు జేబుల్లో పెట్టుకుని పాడమని బతిమాలేవాడు. వింటాడా? ఏదో వంకన చెయ్యెత్తి, ఆ డ్రమ్ము మోగితే మురిసిపోయేవాడు.

ప్రారంభం రోజు హాలు కిటకిటలాడింది. ఎర్రకోట్లని చూసి యజమానురాలు మేనేజరువైపు ఒక చూపు చూసింది. అతను తెర వెనక్కి తప్పుకున్నాడు. మొదటి పాటలు ఎలాగో గట్టెక్కాయి. వాన పాట మొదలైంది. బావగారు మెత్తగా ఎత్తుకున్నాడు. రెండో చరణం దగ్గర నోరు తెరిచాడు. మాట రాలేదు. పుట్టినప్పట్నుంచీ పాడుతున్నట్టుండే పాట, ఒక్క ముక్క గుర్తులేదు. కళ్ళు అటూ ఇటూ తిరిగాయి. పక్కనుంచి మాట అందించాల్సిన మేనేజరుకీ అది గుర్తురాలేదు. ఇన్నేళ్ళ కోపమంతా ఎటు పోయిందో, అయ్యో బావా అనుకున్నాడు.

ఉయ్యాల జారినవాడి మొహం ఎలా ఉంటుందో మీసాలాయనకి తెలుసు. కనుసైగ చేశాడు. బాకాలూ డ్రమ్ములూ తాళాలూ ఒక్కసారిగా గుర్రాల పరుగు పాటలోకి దూకాయి. జనం ఉలిక్కిపడి వాళ్ళవైపు తిరిగారు. ఈలోగా బావగారు ఊపిరి పీల్చుకున్నాడు, నవ్వు ఆపుకోలేకపోయాడు, ఆ నవ్వులోనే చరణం దొరికింది. దాన్ని ఆ పరుగులోనే పాడేశాడు. ఉరుములూ గొడుగూ జల్లూ అన్నీ పోయి, ఈసారి బడి వదిలిన పిల్లలు నీళ్ళగుంటల్లో గెంతుతున్నట్టు కురిసింది వాన. జనం లేచి నిలబడ్డారు. యజమానురాలు నవ్వింది. గోడలు బాగానే ఉన్నాయి.

మేనేజరు తెర వెనక ఊపిరి తీసుకుంటుంటే ఎవరో భుజం తట్టారు. పియానో మాస్టారు! కాళ్ళకి తళతళలాడే కొత్త బూట్లు.

"మాస్టారూ, మీ మొహం చూడలేకపోతున్నాను. మా బావ చేసిన అన్యాయానికి..."

"అన్యాయం ఏముంది మేనేజరుగారూ! రేడియోవాళ్ళు మాకందరికీ పర్మనెంటు ఉద్యోగాలిస్తామని ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నారు. దిక్కులేనప్పుడు చేరదీసిన మనిషిని వదిలి ఎలా వెళ్తామని మేమే రామన్నాం. ఆ సంగతి ఆయన చెవినపడింది. మర్నాడే నా బూట్లు కిర్రుమన్నాయి."

"అంటే...?"

"ఆ తుమ్ముల డ్రమ్ములాయన ఇప్పుడు స్కూల్లో సంగీతం మాస్టారు. లెక్కల మొహం బాకా ఆయనకి సొంత బ్యాండుంది. ఆయన తీసేసినవాళ్ళం అప్పుడప్పుడూ కలుస్తుంటాం. ఎవరి కారణం గొప్పదని పందేలు కూడా వేసుకుంటాం. ఇప్పటిదాకా తుమ్ముదే పైచెయ్యి. మొదట్లో మాత్రం నిజంగా తీసేశారనే ఏడ్చామండి. మీరు మా తరఫున అంత ఘోరంగా పోట్లాడితే నమ్మకేం చేస్తాం?"

మేనేజరు సుడిగాలిలా మేకప్ గదిలోకి వెళ్ళాడు. బావ తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. పక్కన అక్క మంచినీళ్ళు ఇస్తోంది. తెరిచి ఉన్న తలుపు బయట వరండాలో సర్కస్‌వాళ్ళు వాయిద్యాలు సర్దుకుంటున్నారు.

"ఇంత పుణ్యం చేస్తూ నాకొక్క ముక్క చెప్పవా బావా?"

"పుణ్యమా పాడా! వాళ్ళ నడకా, మెత్తదనం, ఇవాళ ఈ గెంతులూ అన్నీ కొట్టేసి నా పాటలో దాచుకోలేదూ? తెలిసినవాళ్ళతో పాడితే నేను పాడిందే పాడతాను. వాళ్ళకి ఇల్లు నిలబడాలి, నాకు పాట కదలాలి. లెక్క సరిపోయింది."

"నాకెందుకు చెప్పలేదంటున్నాను!"

"చెబితే నీకు కోపం వచ్చేదా? నువ్వు అలా కస్సుమనకపోతే వాళ్ళు కదులుతారా? నీ కోపం కూడా మన బ్యాండులో ఒక వాయిద్యమేనోయ్. అదొక్కటే ఇంతవరకు మార్చలేదు."

మూతబడ్డ ఫ్యాక్టరీ, మూతబడ్డ హోటలు సంగీతం, మూతబడ్డ సర్కస్. మూతబడ్డ ఫొటో స్టూడియో! తనూ ఆ వరసలోవాడేనని మేనేజరుకి అప్పుడు తట్టింది.

"మరి నన్నెందుకు ఇన్నాళ్ళూ తీసెయ్యలేదు?"

బావ అక్కవైపు చూశాడు. అక్క గ్లాసు కింద పెట్టింది.

"పని బాగా వచ్చినవాళ్ళనే కదరా తీసేసేది" అంది.

అంతే! మేనేజరు అగ్గిమీద గుగ్గిలమైపోయాడు. "ఇంత అవమానమా? ఈ క్షణం నుంచీ ఈ ఉద్యోగంలో ఉంటే..." అని ఒట్టు పెట్టడానికి కుడిచెయ్యి పైకెత్తాడు.

వరండాలోంచి డ్రమ్ము గలగలా మోగడం మొదలెట్టింది.

మనిషి గాల్లో ఉన్నప్పుడు వాళ్ళ డ్రమ్ము ఆగదు. మేనేజరు చెయ్యి అలాగే ఉంచాడు. డ్రమ్ము అలాగే మోగింది. బావ తువ్వాలులో మొహం దాచుకున్నాడు. అక్క గోడవైపు తిరిగింది. ఎంతసేపని నిలబడతాడు? చివరికి చెయ్యి దించాడు.

ఢామ్మని తాళాలు మోగాయి.

మర్నాడు పొద్దున్నే అతను దర్జీ దగ్గర కూర్చుని, ఎర్రకోట్లకి కొత్త బంగారు కుచ్చులు కుట్టిస్తూ, తన బావ ఎంత దుర్మార్గుడో చెబుతున్నాడు.