బాయికాడి కల్లు

పందొమ్మిది వందల యాభైల చివర్లో తెనాలి నుంచి తెలంగాణలోని తిరుమలగిరి బడికి పంతులుగా వెళ్తుంటే, ఊరి పొలిమేరలో బస్సు చెడిపోయింది. పక్క సీట్లోని ముసలావిడ ఎండకు వాడిన నా మొహం చూసి, "దా సారూ, జర గొంతు తడుపుకుందాం" అంటూ తాటివనంలోకి తీసుకెళ్లింది. మంచినీళ్లకేమో అనుకున్నాను. అక్కడ గౌడు కల్లు పోస్తున్నాడు. ఆడవాళ్లూ మగవాళ్లూ దొన్నెల్లా మడిచిన తాటాకు రేకలు పట్టుకుని, పెళ్లిపందిట్లో లాగా కూర్చున్నారు. మావైపు ఆడవాళ్లు కల్లు పేరెత్తడం కూడా నేను వినలేదు.

అవ్వ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "బాయికాడి చెట్టుది అంటివి. గిది గట్టుమీది చెట్టుది గదా!"

గౌడు కల్లుకుండ, అదే లొట్టి, ఎత్తి చూసుకుని, "నిజమే అవ్వా, లొట్లు మారినయ్" అని ఒప్పుకున్నాడు.

బావి దగ్గరి చెట్టు కల్లు వేరు, గట్టుమీదిది వేరు, చెట్టుకో రుచి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. రెండు రేకలు ఖాళీ చేసేసరికి ఆ విద్య నాకూ వచ్చేసిందనిపించింది. గౌడు మళ్లీ రేకలో పోయగానే గటగటా తాగి, కళ్లు మూసుకుని, "ఆహా! ఇది ఖాయంగా బాయికాడిదే. ఎంత చలువ, ఎంత తేట!" అని ప్రకటించాను.



"సారూ, గవి నీళ్లు. రేక కడుగుదామని పోసిన" అన్నాడు గౌడు.

సిగ్గుతో నా తల వాలిపోయింది. అవ్వ మాత్రం నా భుజం తట్టి, "సారు తప్పేం చెప్పిండు? గవి బాయి నీళ్లే గదా!" అంది.

వనమంతా పగలబడి నవ్వింది. ఆ ఊళ్లో మూడేళ్లు పాఠాలు చెప్పాను. నా అసలు పేరు మాత్రం ఎవరూ అడగలేదు. అందరికీ నేను బాయి సారునే.