జున్నుపాలు ఎవరికి పంపాలి?

పంతొమ్మిది వందల యాభైల్లో నేను ఆత్మకూరుకు కొత్త కోడలిని. ఎదకొచ్చిన మా ఆవును పశువుల ఆస్పత్రికి తోలుకుపోతే, డాక్టరు గారు ఆబోతు ఊసే లేకుండా ఒక సన్నని గొట్టంతో పని ముగించారు. నెలలు నిండి దూడ పుట్టగానే మా అత్త, అరుగు మీద చుట్ట కాలుస్తున్న మామను చూసి, "ఇంక మగోళ్లతో పనిలేదన్నమాట!" అనింది. మామకు పొలమారింది.

ఆవు ఈనితే, ఆబోతు ఎవరిదో వాళ్లింటికి ముందుగా జున్నుపాలు పంపడం మా అత్త అలవాటు. ఈసారి ఎవరికి పంపాలో తోచక, చెంబు నా చేతికిచ్చి ఆస్పత్రికి లాక్కుపోయింది.

చెంబును చూసి డాక్టరు గారు సిగ్గుతో ఎర్రబడ్డారు. "నాకెందుకమ్మా! మగతోడు లేకుండా ఆవుకైనా మనిషికైనా బిడ్డ పుట్టదు. మీ దూడ తండ్రి నెల్లూరులో ఉన్నాడు. వాడి వీర్యం ఐసు పెట్టిన ఈ ఫ్లాస్కులో, బస్సులో వచ్చింది. అంతే!"

అత్త ఫ్లాస్కును ఎగాదిగా చూసింది. తర్వాత చెంబు తీసి ఆయన బల్ల మీద పెట్టింది.

"అట్టయితే ఈ పాలు దాంట్లోనే పోసి, సాయంత్రం బస్సుకు పంపించు నాయనా. వచ్చిన దోవనే పోతాయి."