రేడియేటర్ పక్కన చెయ్యి పట్టే సందు

జనగామలో మార్కెట్ యార్డు ఎదురుగా మాది రేడియేటర్ల షాపు. ట్రాక్టర్లు, వరికోత మిషన్లు, అప్పుడప్పుడూ ఓ లారీ. కోతల కాలంలో పొట్టు ఇరుక్కుని ఇంజన్లు మరిగిపోతుంటాయి. అందుకే మా నాయిన నేర్పిన పద్ధతి ఒకటుంది. ఏ బండికైనా రేడియేటర్ బిగించేటప్పుడు చుట్టూ చెయ్యి పట్టేంత సందు వదలాలి. డ్రైవర్ పొలంలోనే చెయ్యి పెట్టి పొట్టు లాగేసుకుంటాడు. ముప్పై ఏళ్లలో నేను సందు వదలకుండా బిగించింది ఒక్కటి కూడా లేదు.

అలాంటి నా దగ్గరికి ఒక సారు విమానం పని తెచ్చాడు. చెల్పూర్ కరెంటు ప్లాంటులో నీళ్లు చల్లార్చే విభాగంలో పనిచేసి రిటైరై, భూపాలపల్లిలో స్థిరపడిన మనిషి. మహబూబాబాద్ దగ్గర బామ్మర్ది మామిడితోటలో రేకుల షెడ్డు వేసి, నాలుగేళ్లుగా తన చేతుల్తో రెండు సీట్ల విమానం కడుతున్నాడు. దానికి పెట్టింది ఒక పాత కారు ఇంజన్. అందులో పిస్టన్లుండవు, మూడు మూలల చక్రం గిరగిరా తిరుగుతుంది. చిన్నదే గానీ వేడి మాత్రం విపరీతం. ఒక్కసారి గట్టిగా మరిగిందా, లోపలి రబ్బరు రింగులు పోయి తుక్కు కింద లెక్క.

ఆయన గీసుకొచ్చిన బొమ్మ చూసి నాకు నవ్వొచ్చింది. బుల్లి రేడియేటర్, దాని ముందు ఒక రేకు గొట్టం. గొట్టం నోరు చిన్నగా ఉండి, లోపలికి పోను పోను వెడల్పవుతోంది.

"గింత నోరుకు గాలి ఏం సాలుతది సార్?" అన్నాను.

"నోరు చిన్నగనే ఉండాలె తమ్మీ. ఉరికొచ్చిన గాలి లోపలి ఎడల్పుల నిమ్మలమైతది. నిమ్మలంగ రేడియేటర్ల నుంచి పోతెనే వేడి మోసుకపోతది."

బొమ్మలో గొట్టానికీ రేడియేటర్‌కీ మధ్య సందు లేదు. చదువుకున్నవాళ్లకు చెయ్యి పెట్టి చేసే పని ఏం తెలుస్తుందిలే అని, నేనే నాలుగు వేళ్ల సందు వదిలి బిగించాను.

తోటలో విమానం తోకను మామిడిచెట్టుకు కట్టి ఇంజన్ నడిపితే, ఆరు నిమిషాలకే వేడి చూపే సూది ఎర్రగీత దాకా పోయింది. సారు వెంటనే ఆపేశాడు. రేడియేటర్ చిన్నదైందని నేను తేల్చేశాను. ఇంకొంచెం పెద్దది చేశాను, అదీ అంతే. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు కదా, మూడోది మొదటిదానికి రెండింతలు చేశాను. సూది ఎర్రగీతకు వెంట్రుకవాసి దూరంలో ఆగింది గానీ, ఆ బరువుకు విమానం ముక్కు వాలిపోయింది.

ఆ రోజు సారు భార్య పంపిన సర్వపిండి కూడా ఆయన ముట్టలేదు. "నా లెక్క తప్పింది తమ్మీ. రేడియేటర్ లెక్కనే గిట్లుంటె, రెక్కల లెక్కను నమ్ముకొని మీదికెట్ల లేస్త? ఎవరికన్న అమ్మేస్త," అన్నాడు. నా ముందే ఫోన్లో విమానం ఫొటోలు అమ్మకానికి పెట్టాడు.

ఆయన లేచి వెళ్లాక గొట్టంలోకి టార్చి వేసి చూశాను. పక్క చేన్లలో పత్తి ఏరుతున్నారు, గాలి నిండా దూది పోగులే. రేడియేటర్ ముఖం మీద ఒక్క పోగు లేదు. దూదంతా నేను వదిలిన సందు అంచులకు పట్టుకుని ఉంది. గాలి రేడియేటర్‌లోకి దూరడం మానేసి, సులువుగా సందులోంచి జారిపోతోందన్నమాట. ఆకాశంలో పొట్టెక్కడుంటుంది, చెయ్యి పెట్టే డ్రైవరెక్కడుంటాడు?

చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. జనగామ చాయ్ హోటల్లో అప్పటికే నేను విమానం మెకానిక్కునైపోయాను, ఇప్పుడు ఏ మొహంతో చెప్పేది? రెండు రోజులు ఇంట్లో అందరి మీదా విసుక్కున్నాను. మూడో రోజు మొదటి బుల్లి రేడియేటర్‌ను గోనెసంచిలో పెట్టుకుని మహబూబాబాద్ రైలెక్కాను.

"మీ లెక్క తప్పలే సార్," అన్నాను షెడ్డులోకి అడుగు పెడుతూనే. "బొమ్మల లేని సందు నేనే వదిలిన. మీకు తెల్వదనుకున్న."

తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననిపించింది. సారు సంచిలోకి తొంగి చూసి, "గిదే పెడదాం పా," అన్నాడు. దీంతో మరిగితే ఇంజన్ పోతుంది, ఆయన చేతిలో ఇంకేమీ మిగలదు. బొమ్మలో ఉన్నది ఉన్నట్టు బిగించి, అంచులన్నింటికీ స్పాంజి, రబ్బరు పట్టీలు కుక్కాను. ఈసారి చీమ దూరే సందు కూడా వదల్లేదు.

ఇంజన్ మొదలైంది. ఆరు నిమిషాలు దాటాయి. పది దాటాయి. నేను సూదినే చూస్తున్నాను, సారు మాత్రం తన పాత నోటుబుక్కు చూస్తున్నాడు. అరగంటకు సూది ఆయన అందులో పెన్సిల్‌తో రాసుకున్న అంకె దగ్గర నిలకడగా నిలబడి ఉంది.

సారు ఇంజన్ ఆపి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు.

"కండ్లు మసకమసకున్నయి తమ్మీ. గా అమ్మకం ఫొటోలు జర నువ్వే తీసెయ్యి."