డాక్టరమ్మ కారు బ్రేకులు ఎందుకు కాలాయి

1982 ఎండాకాలం. మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద నా మెకానిక్ షెడ్డు. సోమల, చౌడేపల్లె నుంచి కూరగాయలు ఎత్తుకుని మద్రాసు పోయే లారీలు మొగిలి ఘాటు దిగాలి. ఆ ఘాటులో బ్రేకులు కాల్చుకున్న ప్రతి లారీ చివరికి నా దగ్గరికే వచ్చేది. బ్రేకు పనిలో ఖాదర్‌ను మించినవాడు లేడని చుట్టుపక్కల అనుకునేవాళ్లు. ముందుగా అన్నది నేనే అనుకోండి. ఇంకొకరు పొగిడేదాకా ఆగే ఓపిక నాకు పుట్టుకతోనే లేదు.

ఒక సోమవారం పొద్దున పుంగనూరు డాక్టరమ్మ కారు వచ్చింది. సరోజమ్మగారంటే ఆ ఊళ్లో తెలియని ఆడమనిషి లేదు. నా పిల్లలిద్దరూ ఆమె చేతుల్లోనే పుట్టారు. సొంతూరు కుప్పం. వాళ్ల నాయన పట్టుగూళ్ల వ్యాపారి, కూతురికి కారు నేర్పింది ఆయనే. ఆమె తోలితే కారు నీళ్ల మీద పడవలా పోతుందని జనం చెప్పుకునేవారు. అట్లాంటి మనిషి కారు ముందు బంపరు నిండా ముళ్లకంప వేలాడుతోంది.

"ఏమ్మా, యాడన్నా మేక అడ్డమొచ్చిందా?" అన్నాను.

"మేక కాదు ఖాదర్ భాయ్, రేసు" అందామె, రక్తపోటు ఎంతుందో చెప్పినంత మామూలుగా.

మద్రాసు దగ్గర ఎప్పుడో వాడి వదిలేసిన విమానాల రన్‌వే ఉందట. కొన్ని ఆదివారాలు ఒక మోటారు క్లబ్బు వాళ్లు అక్కడ చేరతారట. ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని ఎంత వేగం చేతనైతే అంత వేగంగా చుట్లు తిరగొచ్చు. ఈమె కొంతకాలంగా ఇంజను పదును పెట్టించుకుని మరీ పోతోంది. మొన్నటి ఆదివారం పొడుగు రోడ్డు చివర మలుపు దగ్గర బ్రేకు తొక్కితే కారు ఆగలేదు. నేరుగా పొదల్లోకి పోయింది.

ఈమెకేమన్నా అయితే పుంగనూరు ఆడవాళ్ల గతేం కాను? ఆ బ్రేకులు చూసింది ఖాదరేనని తెలిస్తే నన్ను బతకనిస్తారా? కోపం ఆపుకోలేక అనేశాను.

"ఇదేం సరదామ్మా మీకు? సదువుకున్నోళ్లు సేసే పనేనా?"

ఆమె నవ్వలేదు. "వారమంతా నొప్పులు, నెత్తురు, ఏడుపులు. నేను ఒగ పొరపాటు సేస్తే రెండు ప్రాణాలు. ఆ రన్‌వే మీద ఉన్నంతసేపు నన్నెవురూ పిలవరప్పా. ఆ ఒక్కటీ వద్దంటావా? నువ్వు బాగుసేసినా పోతాను, సేయకపోయినా పోతాను."

జాకీ ఎత్తుకున్నాను.

బ్రేకు కాలడం రెండు రకాలు. చక్రం లోపల డ్రమ్ము అని ఇనుప గిన్నె తిరుగుతుంటుంది. దాన్ని లోపలి నుంచి ఒరుసుకుని ఆపేది లైనింగ్. లైనింగ్ మరీ వేడెక్కితే జారుడు పుట్టి పట్టు వదిలేస్తుంది, దాన్నే ఫేడ్ అంటాం. అప్పుడు పెడలు గట్టిగానే ఉంటుంది కానీ బండి ఆగదు. రెండోది, వేడికి బ్రేకు ఆయిలే మరిగి బుడగలు పుట్టడం. అప్పుడు పెడలు మెత్తగా నేల దాకా దిగిపోతుంది. ఏది జరిగిందో అడిగితే మా డ్రైవర్లలో నూటికి తొంభైమంది "బ్రేకు పడలా" అని ఊరుకుంటారు.

డాక్టరమ్మ అట్లా కాదు. "మొదట వాసనొచ్చింది, గుడ్డ కాలినట్టు. తర్వాత చుట్టులో పెడలు గట్టిగా ఉన్నింది, కారు నిలబడలా. ఆ మీది చుట్టులో పెడలు మెత్తబడింది" అని వరసగా చెప్పింది. తన పేషెంట్లు తనకు ఇట్లా చెబితే ఎంత బాగుండునో అని కూడా అంది. ఆ మాటతో నా కోపం సగం పోయింది.

చక్రాలు విప్పితే ఆమె చెప్పింది చెప్పినట్టే ఉంది. లైనింగులు అద్దంలా మెరుస్తున్నాయి, డ్రమ్ముల్లో నీలం మచ్చలు. బెంగుళూరు నుంచి గట్టి రకం లైనింగులు తెప్పించాను. సీలు విప్పని డబ్బాలోని కొత్త ఆయిల్ పోసి, గొట్టాల్లో గాలి బుడగ లేకుండా బ్లీడింగ్ చేశాను. గాలి తగలాలని చక్రాల మూతలు పీకేశాను. ముందునుంచి గాలి నేరుగా డ్రమ్ముల మీదికి కొట్టేలా రేకుతో గొట్టాలు చుట్టి బిగించాను. పని అయ్యాక మీసం మెలేసి, "ఇంక ఏనుగును కట్టినా నిలబడతాది పోండమ్మా" అన్నాను.

మళ్లీ సోమవారం డాక్టరమ్మ కారు వచ్చింది. ఈసారి ముళ్లకంప లేదు, అంతే తేడా.

"పొదల అంచున ఆగిండాది ఖాదర్ భాయ్" అందామె. ఒక్క నిందమాట లేదు. ఉంటేనే బాగుండేది. విప్పి చూస్తే కొత్త లైనింగులు అప్పుడే మెరుస్తున్నాయి. నా మీసం దిగిపోయింది. బండి తప్పేం కనబడలేదు, పని తప్పూ కనబడలేదు. చేసేదేమీ తోచక, "మీరు తోలండి, నేను సూస్తాను" అని వెనక సీట్లో కూర్చున్నాను.

కురబలకోట వైపు పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉంటుంది. ఆమె కారును ఉరికించింది చూడండి, మా లారీ డ్రైవర్లు సిగ్గుపడాలి. గేరు మారింది చెవికి తెలియాలే తప్ప ఒంటికి తెలియదు. అంత వేగంలోనూ స్టీరింగు మీద చేతులు ఉయ్యాల ఊపుతున్నట్టు ఉన్నాయి. దూరంగా మలుపు కనబడింది. ఆమె అప్పుడే బ్రేకు మీద కాలు పెట్టింది. మెల్లగా, మెత్తగా, మలుపు వచ్చేదాకా తీయకుండా అట్లాగే పట్టుకుంది. నేను సీట్లోంచి వెంట్రుకవాసి కూడా ముందుకు కదల్లేదు. అంతలో సన్నగా గుడ్డ కాలిన వాసన వచ్చింది.

"నిలపండమ్మా! డాక్టరమ్మా, ఎవురిని కాన్పుకు తీసకపోతాండారు?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. తర్వాత బ్రేకు మీదున్న తన కాలి వైపు చూసుకుంది.

ఇన్నేళ్లుగా కాన్పు కష్టమైన ప్రతి మనిషినీ ఆమె తన కారులోనే వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయేది. నొప్పులు పడే మనిషి కుదుపుకు అరవకూడదని బ్రేకును దూరం నుంచే, పట్టీపట్టనట్టు పట్టడం కాలికి అలవాటు చేసుకుంది. ఆ అలవాటే రన్‌వే మీదికీ వచ్చింది. బ్రేకు దెబ్బతినేది ఈ ఎడతెగని ఒరిపిడి దగ్గరే. గట్టిగా తొక్కి చప్పున వదిలితే డ్రమ్ముకు గాలి తగిలి చల్లారే సందు ఉంటుంది. వదలకుండా పట్టుకుంటే పొయ్యి మీదినుంచి పెనం దించనట్టే. ఆమె మంచితనమే లైనింగులను కాల్చింది. అది తెలిశాక ఆమె మీద నాకు పుట్టిన గౌరవం ఇంతా అంతా కాదు.

"తల్లీ, ఆడ రన్‌వే మీద వెనక సీట్లో ఎవురూ లేరు. తన్నండి బ్రేకును. కారు తిన్నగా ఉన్నప్పుడే గట్టిగా తన్ని, గేరు దించి, మలుపులో వదిలేయండి."

"తన్నేకి కాలు రాదప్పా" అంది. కళ్లల్లో నీళ్లు, నోట్లో నవ్వు.

"వస్తాది. నన్ను అల్లుడనుకోని తన్నండి."

ఎన్నో పొద్దులు ఆ రోడ్డు మీద నేర్చుకుంది. వెనక సీట్లో నా తల ముందు సీటుకు కొట్టుకుని బొప్పి కట్టాక, "ఇప్పుడొచ్చిండాది" అన్నాను.

ఇంకొక్కటి చెప్పి పంపాను. మొగిలి ఘాటు దిగిన లారీ డ్రైవర్లు కింద గుడి దగ్గర ఆగి కొబ్బరికాయ కొడతారు. గుడి కనబడింది మొదలు బ్రేకు జోలికి పోకుండా గేరులోనే మెల్లగా దొర్లించుకుంటూ పోతారు. ఆగినాక హ్యాండ్‌బ్రేకు వేయకుండా టైరు కింద రాయి పెడతారు. వేడి డ్రమ్ము చల్లారేటప్పుడు బిగిసి పట్టుకుంటుందని తాతల నాటి డ్రైవర్లకు తెలుసు. నేను సాయిబునే గాని ఆ కొబ్బరిముక్కలు ఎన్ని తిన్నానో లెక్కలేదు. "ఆఖరి చుట్టు మీకు కొబ్బరికాయ చుట్టమ్మా, గుడి కనబడిందనుకోని బ్రేకు ముట్టొద్దు" అన్నాను.

తర్వాత వచ్చిన రేసు ఆదివారం నేనూ పోయాను. ఇంట్లో ఉంటే పిచ్చెక్కేది. ఆమె కారు పొడుగు రోడ్డు మీద ఈల వేసుకుంటూ వస్తుంటే నేను మలుపు దగ్గర కళ్లు మూసుకుని అల్లాను తలుచుకున్నాను. కీచుమని ఒక్క అరుపు, వెంటనే ఇంజను మళ్లీ లేచిన మోత. కళ్లు తెరిస్తే కారు మలుపు దాటిపోయింది! చుట్టు తర్వాత చుట్టు అదే. ఆఖరికి ఒక చుట్టు నింపాదిగా దొర్లించుకుంటూ వచ్చి ఆపింది. కాటన్ చీర కొంగు నడుముకు దోపుకుని దిగి, ముందు రాయి వెతికి టైరు కింద పెట్టింది. క్లబ్బు వాళ్లంతా వింతగా చూశారు. నేను మాత్రం గట్టిగా చప్పట్లు కొట్టాను.

ఆ మరుసటి ఏడు నా కూతురికి తొలి కాన్పు. మధ్యాహ్నం డాక్టరమ్మ చెయ్యిపెట్టి చూసి, "బిడ్డ అడ్డం తిరిగిండాది, వేలూరు పోవాల" అంది. వెనక సీట్లో మా ఆడమనిషి ఒళ్లో తలపెట్టుకుని కూతురు, ముందర నేను. ఘాటు దిగేటప్పుడు నేను కాలిన వాసన కోసమే ముక్కు ఎగబీల్చాను. ఆమె రెండో గేరులో దింపింది. బ్రేకు పట్టింది, వదిలింది, మళ్లీ పట్టింది, వదిలింది. రేసులో నేర్చిన ఒడుపు, కానీ కాలిలో ఆ పాత మెత్తదనం అట్లాగే ఉంది. వాసన రాలేదు. వెనక చూస్తే నొప్పికీ నొప్పికీ నడుమ కూతురు కళ్లు మూసుకుని ఉంది.

గుడి దగ్గర ఆమె ఆగలేదు. "వచ్చేటప్పుడు కొడదాం ఖాదర్ భాయ్" అని మాత్రం అంది.

వచ్చేటప్పుడు ఆగాం. కాయ నేను కొన్నాను, కొట్టింది ఆమె. వెనక సీట్లో కూతురి ఒళ్లో నా మనమడు నిద్రపోతున్నాడు.

అప్పటినుంచి కాలిన బ్రేకులతో ఎవరొచ్చినా నేను వెంటనే చక్రం విప్పను. మొదట ఒక మాట అడుగుతాను. "వెనక సీట్లో ఎవురిని పెట్టుకోని తోలతాండావప్పా?" ఈ సాయిబుకు పిచ్చి పట్టిందనుకుంటారు చాలామంది. అనుకోనీ.