ఆరాధన మధ్యలో లేచి అడిగిన మా నర్సమ్మ

మా పక్కింటి నర్సమ్మ పోయారని మా ఊరు జమ్మలమడుగు నుంచి ఫోను వచ్చినప్పుడు నేను పులివెందుల బస్టాండులో ఉన్నాను. ఏడుపు రాలేదు. భయమేసింది. మా చర్చి సంఘంలో తప్పును తప్పని చెప్పాల్సి వస్తే ఇక ఎవరు లేస్తారని.

ఆమె ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి, రిటైరయ్యాక మా వీధికి వచ్చారు. చర్చి దగ్గర వందనాలు చెప్పి ఎవరి చెయ్యి పట్టుకున్నా ఆమె వేళ్లు మణికట్టు మీదికే పోయేవి. నాడి చూశాకే వదిలేవారు. "ప్రార్థన చెయ్యి, మాత్రా ఏసుకో. రెండూ ఆయన ఇచ్చినవే" అనేవారు.

మూడేళ్ల కిందట మా చర్చిలో స్వస్థత కూటం జరిగింది. చిన్నప్పటి నుంచి షుగరున్న ఒక ఇంటర్ పిల్ల తల మీద చెయ్యి పెట్టి మా పాస్టరయ్య, "విశ్వాసముంటే ఇంక సూది ముట్టొద్దు" అన్నారు. పాటల బృందంలో ఆయన వెనకే నిలబడిన నేను ఆ మాట స్పష్టంగా విన్నాను. తల్లి ఇంటికి పోయి ఇన్సులిన్ పారబోసింది. మూడో రోజు పిల్ల వాంతులు చేసుకుని స్పృహ తప్పింది. నర్సమ్మే ఆటోలో ఒడిలో పడుకోబెట్టుకుని ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. తోడుగా నేనూ వెళ్లాను. దారి పొడవునా ఆ పిల్ల ఊపిరి ఎక్కడ ఆగిపోతుందోనని వింటూనే ఉన్నాను.

పిల్ల బతికింది. ఆ తర్వాతి ఆదివారం పాస్టరయ్య, మన ప్రార్థన వల్లే బిడ్డ లేచిందని చెప్పారు. చప్పట్లు మోగుతుండగా నర్సమ్మ లేచారు.

"అయ్యా, బిడ్డ లేచింది ఆసుపత్రిలో. సూది మానమని చెప్పింది మీరు. ఆ మాట ఈడనే, అందరి ముందర ఒప్పుకోండి."

"నేనట్ల అన్లేదమ్మా" అన్నారాయన.

నర్సమ్మ నా వైపు తిరిగారు. "నువ్వు ఆయన ఎనకాలే ఉంటివి కదా పాపా. చెప్పు."

నేను పాటల పుస్తకంలోకి తల దించుకున్నాను. మా ఆయన ఉద్యోగం సంఘం నడిపే బడిలోనే. ఆ క్షణాన అదొక్కటే గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం ఇద్దరు సంఘపెద్దలు ఆమె ఇంటికి వచ్చారు. గోడకు ఇవతల నాకంతా వినబడింది. "అయ్యగారి మీద నిందలేస్తాండావు. రేపు నువ్వు పోతే సమాధుల తోటలో చోటుండదు, చూసుకో."

వాళ్లు పోయాక నేను వెళ్లాను. ఆమె కోప్పడలేదు. నా మణికట్టు పట్టుకుని, "ఏంది పాపా, ఇంతగా కొట్టుకుంటాంది?" అన్నారు. "నాకూ శానా భయమే. ఒంటిదాన్ని. ఈ భయం పోయినంక మాట్లాడదామంటే, అంతలోపల ఇంకో బిడ్డ పోతాది."

వారం తర్వాత సంఘ కమిటీ ముందు నేను విన్నది చెప్పాను. చెప్పడం అయ్యేదాకా ఆమె నా పక్కనే కూర్చున్నారు. పాస్టరయ్య మాత్రం, తన మాటను తప్పుగా అర్థం చేసుకున్నారనే అన్నారు. ఆయనను పెద్దముడియం వైపు చర్చికి మార్చేశారు. మా ఆయన ఉద్యోగం పోలేదు గానీ, చాలా రోజులు సగం సంఘం మాతో మాట్లాడలేదు. గేటు చప్పుడైతే పెద్దలొచ్చారేమోనని ఇప్పటికీ ఉలిక్కిపడతాను.

నర్సమ్మకు తోటలో చోటు ఊరికే దొరకలేదు. ఆ పిల్ల తల్లి పెద్దల ఇళ్ల చుట్టూ తిరిగి, ఏడ్చి అడిగితే ఓ మూలన ఇచ్చారు. సమాధి దగ్గర ఒక పెద్దాయన నా చెవిలో, "రెండు మాటలు చెప్పమ్మా. ఆ పాత సంగతి ఎత్తొద్దు" అన్నాడు.

ఎత్తాను. నేను తల దించుకున్న ఆదివారంతోనే మొదలుపెట్టాను. ఎవరూ అడ్డు రాలేదు, ఎవరూ నా వైపు చూడనూ లేదు.

అందరూ మట్టి వేసి వెళ్లిపోతుంటే ప్రహరీ పక్కన ఎండలో ఆ పాస్టరయ్య కనిపించారు. ఎప్పుడు వచ్చారో. మెల్లగా గుంట దగ్గరికి వచ్చి పిడికెడు మట్టి తీసుకున్నారు. వెయ్యలేదు. పూడ్చేవాళ్లు పారలు పట్టుకుని చూస్తున్నారు. ఆయన పిడికిలి బిగించుకుని అలాగే నిలబడ్డారు.