దుబాయి నుంచి వచ్చిన చిన్న డబ్బా

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. మాది కోరుట్ల. దుబాయిలో కూలి పని చేసే మా ఆయన సెలవుపై వస్తూ, చిన్న కంప్యూటర్ చేసుకుందామని దాని ఖాళీ డబ్బా, అంటే పై కేబినెట్ మాత్రం తెచ్చారు. లోపలి సామాన్లు ఇక్కడ కొని బిగిస్తే, తను వెళ్ళాక కూడా మూడేళ్ల పాప తెర మీద తన ముఖం చూస్తూ మాట్లాడుతుందని ఆశ.

జగిత్యాల దుకాణంలో అన్నీ దొరికాయి, అన్నింటినీ తగిలించే మదర్‌బోర్డు తప్ప.

"గింత చిన్నది మా దగ్గర లేదన్నా. హైదరాబాద్ నుంచి రావాలె" అన్నాడు దుకాణదారు.

తెప్పించమన్నాం. బంద్ మీద బంద్. బస్సులు లేవు. పార్శిల్ రాలేదు.

ప్రయాణం దగ్గరపడ్డాక ఆయన దుకాణంలో ఉన్నవాటిలోనే చిన్నది ఎంచి తెచ్చారు. అది డబ్బా కన్నా వేలెడు ఎక్కువ వెడల్పుంది. పెద్ద డబ్బా కొందామంటే మళ్ళీ బంద్.

"జర ఒత్తితె కూసుంటది" అంటూ ఆయన నొక్కారు.

"ఆగుండ్రి, పలుగుతది!" అని నేను అరిచేలోపే బోర్డు టప్పున విరిగింది.

"బాపు, గిందుల కనవడవా?" అని అడిగింది పాప.

ఇంకో బోర్డు కొనే డబ్బు మిగల్లేదు. ఆ వారమే ఆయన దుబాయి వెళ్ళిపోయారు. మళ్ళీ సెలవు దొరకడానికి ఏళ్లు పట్టింది. ఆయన గుమ్మంలోకి రాగానే పాప నా వెనక దాక్కుంది. "బిడ్డా" అని పిలిచాకే, ఫోన్లో విన్న ఆ గొంతును గుర్తుపట్టింది.