మగ్గాలు ఆగినా కదలని కారు

మొన్న తిరుపతిలో కుట్టుమిషను బాగుచేయించడానికి వెళ్తే, ఆ దుకాణమంతా కమ్ముకున్న మిషను నూనె వాసన నన్ను అమాంతం నగరిలో మా ఇంటి వెనక షెడ్డులోకి తీసుకెళ్ళి నిలబెట్టింది. అక్కడ నాలుగు మరమగ్గాలు ఒకేసారి ఆడుతుంటే మాట్లాడుకోవడమంటే అరుచుకోవడమే. గోడ మీద దేవుడి పటాలు వణికేవి, గ్లాసులో నీళ్ళు వణికేవి, నూలు పీచు ఎగిరొచ్చి అవ్వ కనురెప్పల మీదా, చిత్రాన్నంలో పల్లీల మీదా తేడా లేకుండా వాలేది. మామిడిపళ్ళ కాలం వచ్చిందో, వానలు పట్టాయో మాకు షెడ్డులోని ఉక్కను బట్టే తెలిసేది.

పక్కింటి శాంతీ నేనూ ఆ చప్పుడులోనే పెరిగాం. వామనగుంటలు, తొక్కుడుబిళ్ళ, దీపావళికి ఒకరి మురుకులు ఒకరు దొంగిలించుకు తినడం, అన్నీ ఇద్దరమే. మేము హైస్కూల్లో ఉండగా వాళ్ళ నాయన మగ్గాలు అమ్మేసి తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో పనికి కుదిరాడు. ఆ పిల్ల వెళ్ళిపోయాక నాకు అన్నం సహించలేదు. నా చదువుకు పనికొస్తుందని నాయన అప్పటికే కంప్యూటరు కొని, ఫోను తీగ మీద ఇంటర్నెట్టు పెట్టించాడు. తిరుప్పూరు కంపెనీలో గుమాస్తా ఇంటికి పోయాక, సాయంత్రం కాసేపు శాంతిని ఆఫీసు కంప్యూటరు ముందు కూర్చోనిచ్చేవాళ్ళు. ఇద్దరం కార్ల పందెం ఆడుతూ, తెర మూల ఉన్న గడిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు రాసుకునేవాళ్ళం. మేము కలుసుకునే చోటు అదొక్కటే.

అక్కడే మా తల ప్రాణం తోకకొచ్చేది. పందెం మొదలైన కాసేపటికే నా కారు రోడ్డు మధ్యలో బిగుసుకుపోయేది. మళ్ళీ కదిలేసరికి శాంతి ఎప్పుడో గెలిచి, నాకు ఆడటం ఇష్టం లేదనుకుని అలిగి ఉండేది.

పీచు పడకుండా ప్రతి వస్తువుకూ గుడ్డ తొడగడం మా మగ్గాల ఇళ్ళలో ఆచారం. రేడియోకు, మిక్సీకి కుట్టినట్టే అవ్వ ఇంటర్నెట్టు తెచ్చే మోడెం డబ్బాకు కూడా మా మగ్గం మీది గుడ్డతో గలీబు కుట్టి, శుక్రవారం శుక్రవారం కుంకుమ పెట్టేది. లోపల అది అట్ల పెనంలా కాలిపోయేది. నేను గలీబు పీకేసేదాన్ని, ఆమె మళ్ళీ తొడిగేది.

“లోపలికి పీచు పోతే సచ్చిపోతాది పాపా. పాపం, అది సూడు, పసిబిడ్డ మాదిరి కండ్లు ఆర్పతా ఉండాది,” అనేది.

చివరికి అవ్వను ఒప్పించి గలీబు తీయించాను. తీగ మార్చాం, మోడెంను కిటికీ పక్కకు జరిపాం. ఏం చేసినా కారు మాత్రం ఆగుతూనే ఉంది. ఫోన్ల లైన్‌మన్ వచ్చి రిసీవరు చెవికి పెట్టుకుని, “మోటర్లు ఆడినంతసేపూ ఈ గరగర పోదప్పా,” అని కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఆయన మాట నిజమే. కరెంటు పోయి వీధి మొత్తం మగ్గాలు నిలిచిపోయినప్పుడు, యూపీఎస్ కీచుమంటున్న ఆ కొద్ది నిమిషాలూ నా కారు దూసుకుపోయేది. అంతలో బ్యాటరీ అయిపోయేది. కరెంటు పోవాలని నేను దేవుడికి మొక్కుకునేదాన్ని, పోకూడదని నాయన మొక్కుకునేవాడు. నేస్తేనే కదా మా ఇంట్లో పొయ్యి వెలిగేది!

ఒక సాయంత్రం శాంతి రాసింది: వాళ్ళ కంపెనీ వేరే చోటికి మారుతోంది, ఇక కంప్యూటరు దొరకదు, ఇదే ఆఖరి పందెం. వెంటనే తెర బిగుసుకుపోయింది. నేను ఏడుస్తూ షెడ్డులోకి పరిగెత్తి నాయనకు చెప్పాను. నాయన నూనె చేతులు తుడుచుకుంటూ మగ్గాలన్నీ ఆపేశాడు.

“ఇప్పుడు సూడు పాపా.”

“ఆడనే నిలబడి ఉండాది నాయనా.”

ఆయన గోడవతలి కుప్పయ్య మామ దగ్గరికి వెళ్ళాడు. కాసేపటికి ఆ మగ్గాలూ ఆగాయి. మామ భుజం మీద తువ్వాలుతో మా ఇంట్లోకే వచ్చి, “కదిలినాదా అబ్బా కారు?” అని తెరలోకి తొంగిచూశాడు.

కదల్లేదు. మా ఇంట్లో చప్పుడు ఆగేసరికి, వీధి చివరిదాకా ఆడుతున్న మగ్గాలన్నీ వినిపించాయి. నాయన గుమ్మంలో నిలబడి అటే చూశాడు. దీపావళికి సరుకు అందించాల్సిన వారం. అంతమందిని ఆపమని ఏ నోటితో అడుగుతాడు? వచ్చి నా పక్కన కూర్చుని, మౌసు మీదున్న నా చేతి మీద తన చెయ్యి వేశాడు.

“ఇంకేం సేసేదమ్మా,” అన్నాడు.

చాలాసేపటికి తెర కదిలింది. శాంతి రాసినవన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. ‘ఉండావా?’ ‘ఏమే, ఉండావా?’ ‘సరే, పోతా ఉండా.’ అప్పటికే ఆమె పేరు పక్కన పచ్చ చుక్క ఆరిపోయింది. ‘ఉండానే’ అని రాశాను. నాయన లేచి వెళ్ళి మళ్ళీ మగ్గాలు ఆడించాడు.

ఇప్పుడు ఆ మగ్గాలు లేవు, పాత ఇనుముకు పోయాయి. వీధిలో సగం షెడ్లకు తాళాలే. శాంతి ఏ ఊళ్ళో ఉందో నాకు తెలియదు. తిరుపతిలో మా ఇంట్లో ఇంటర్నెట్టుకు అడ్డేమీ లేదు. నా కూతురు అందులో ఊరూపేరూ తెలియని పిల్లలతో రోజంతా ఆడుతుంది. ఎప్పుడైనా అవతలి పిల్ల బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోతే, విసుక్కుని ఆ పిల్లను వదిలేసి ఇంకొకరితో మొదలుపెడుతుంది. “కాసేపు ఉండవే, ఆ పిల్ల ఆడనే ఉంటాది,” అని నేను బతిమాలుతాను. అది నవ్వుతుంది.